ఆకూ నీరూ నేర్పిన పాఠాలు

సీతాకోకల పెంపకం, చేపల పెంపకం పైకి వేరువేరు ముచ్చట్లు. కొన్నాళ్ళు చేసి చూస్తే రెండూ ఒకే పని అని తెలుస్తుంది. ఆకు బాగుంటే పురుగు దానంతట అదే పెరుగుతుంది. నీరు బాగుంటే చేప దానంతట అదే బతుకుతుంది. మన చేతిలో ఉన్నది ఆకును, నీటిని చూసుకోవడం ఒక్కటే. ఈ మాట నాకు ఒంటబట్టడానికి ఉద్యోగకాలమంతా పట్టింది. తాడేపల్లిగూడెంలో, కైకలూరు వైపు పల్లెల్లో, చివరికి ఏలూరులో ప్రకృతిశాస్త్రం చెప్పిన బడిపంతుల్ని నేను. ఎక్కడ అద్దెకు దిగినా వరండాలో ఒక గాజుతొట్టి, కిటికీ దగ్గర దోమతెర గుడ్డ కట్టిన డబ్బాలు ఉండేవి. ఈమధ్య కుర్రాళ్ళు ఫోనులో ఫొటో చూపించి "ఇదేం పురుగు మాస్టారూ, దీనికేం పెట్టాలి?" అని అడుగుతున్నారు. వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చినవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. ఇంట్లో మొక్క లేనిదే గుడ్డు తేవద్దు.

సీతాకోక ఏ ఆకు మీద పడితే ఆ ఆకు మీద గుడ్డు పెట్టదు. ముందుకాళ్ళతో ఆకును టకటకా తట్టి రుచి చూస్తుంది, తన పిల్ల తినగలిగేదేనని తేలాకే పెడుతుంది. లైమ్ బటర్‌ఫ్లై నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు చెట్లను వెతుక్కుంటుంది. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు కావాలి. ఆముదం ఆకు తినేవి, తంగేడు, రేల ఆకు తినేవి, నిటారుగా పెరిగే అశోకం ఆకు తినేవి వేరే ఉన్నాయి. ఒకదాని ఆకు ఇంకొకదాని ముందు పెడితే పస్తుండి చస్తుంది తప్ప ముట్టదు.

గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు రోజుకు చిటికెడు ఆకు చాలు. అక్కడే మోసపోతాం. పట్టుపురుగునే చూడండి, తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఆఖరి దశలోనే తింటుంది. సీతాకోక పురుగులదీ అదే దారి. తాడేపల్లిగూడెంలో ఉన్నప్పుడు నా కుండీలోని కరివేప మొక్క సరిగ్గా ఆ దశలోనే మోడైపోయింది. బజారుకు వెళ్ళి ఒక కట్ట కొన్నాను, బాగా కడిగాను, ఆరబెట్టి వేశాను. తెల్లారేసరికి ఒక్క పురుగూ మిగల్లేదు. నోటివెంట పచ్చటి రసం కారి, వెనక కాళ్ళతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతున్నాయి. అమ్మకానికి పెంచే కరివేపాకు మీద మందు కొడతారని తెలియక కాదు, కడిగితే పోతుందనుకున్నాను. అంతర్వాహిక మందు ఆకు లోపలికి చేరి ఉంటుంది, పైపైన కడిగితే పోయేది కాదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకైనా ఇదే జాగ్రత్త. కొత్త చిగుళ్ళు రెండు విడతలు వచ్చిపోయే వరకు దాని ఆకు పురుగులకు వెయ్యకండి. ఒక మొక్క ఆకు కోస్తుంటే ఇంకొకటి చిగురిస్తూ ఉండేట్టు కుండీలు పెట్టుకుని, ఆ తర్వాతే గుడ్ల కోసం చూడండి.

2. నీరు కుదురుకున్నాకే చేప దిగాలి.

కొత్త తొట్టి, కొత్త చేపలు ఒకే సాయంత్రం ఇంటికి వస్తాయి. వారం తిరిగేసరికి చేపలు ఉండవు. దుకాణం వాడు రోగిష్టి చేపలిచ్చాడని తిట్టుకుంటాం. నిజానికి చేప విసర్జించే అమ్మోనియా దాని మొప్పలనే కాల్చేస్తుంది. తొట్టి అడుగున ఇసుకలో, ఫిల్టర్ స్పాంజిలో రెండు జాతుల సూక్ష్మజీవులు స్థిరపడాలి. ఒకటి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, రెండోది ఆ నైట్రైట్‌ను అంత హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇవి కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు ఒకటి రెండు గట్టి చేపలతో, చిటికెడు మేతతో సరిపెట్టుకోవాలి. ఇంత కష్టపడి కుదిరినదాన్ని స్పాంజి మురికిగా ఉందని కుళాయి కింద ఉతికి, క్లోరిన్‌తో ఒక్క పూటలో పోగొట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే స్పాంజిని పిండుకోవాలి.

మన ఊళ్ళలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. అంతదాకా తీయటి కాలువ నీళ్ళకు అలవాటుపడ్డ తొట్టిలోకి బోరు నీళ్ళు వస్తాయి. డెల్టాలో చాలాచోట్ల ఆ నీరు ఉప్పన, పీహెచ్ ఎక్కువ. పీహెచ్ పెరిగేకొద్దీ, నీళ్ళు వేడెక్కేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. పైగా వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. అందుకని మే నెలలో చేపల సంఖ్య తగ్గించాలి, మేత తగ్గించాలి, నీళ్ళు మార్చినా కొంచెం కొంచెంగా మార్చాలి.

ఈ సంగతులు నాకు అక్వేరియం పుస్తకాలకన్నా కైకలూరు వైపు చెరువు రైతులు బాగా చెప్పారు. మబ్బుపట్టిన రోజు వాళ్ళకు నిద్ర ఉండదు. పగలు ఎండ లేకపోతే నీటిలోని నాచు ప్రాణవాయువును చాలినంత చెయ్యదు, రాత్రంతా చేపా నాచూ కలిసి ఉన్నదాన్ని వాడేస్తాయి, తెల్లవారుజాముకు నీరు ఖాళీ అవుతుంది. టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నిలబడి, శీలావతులు, బొచ్చెలు మూతులు పైకెత్తి తేలుతున్నాయా అని చూస్తారు. మొక్కలు కిక్కిరిసిన గాజుతొట్టిలోనూ తెల్లవారుజామున జరిగేది అదే. మేత విషయమూ వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలి. తవుడు, చెక్క నింపిన చిల్లుల సంచుల్ని చెరువులో కర్రలకు వేలాడగడతారు. మర్నాడు సంచిలో ఎంత మిగిలిందో చూసి ఆ రోజు మేత ఎంతో నిర్ణయిస్తారు. చేప అడిగిందని కాదు, చేప తిన్నదాన్ని బట్టి వెయ్యాలి. గాజు దగ్గరికి వేలు తెస్తే చాలు, చేప ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది.

3. ఒకే గదిలో ఉన్నవి ఒకే గాలి పీలుస్తాయి.

పురుగుల డబ్బాలు, చేపల తొట్టి ఒక గదిలో పెట్టుకునేవాళ్ళు ముందుగా భయపడాల్సింది దోమల మందుకు. కాయిల్‌లో, ప్లగ్గుకు పెట్టే ద్రవంలో ఉండేవి పైరెత్రాయిడ్ జాతి మందులు. అవి దోమను చంపినట్టే సీతాకోక పురుగునూ చంపుతాయి. అంతకన్నా తక్కువమందికి తెలిసిన సంగతి, చేపలకు కూడా అవి తీవ్రమైన విషం. తొట్టికి పెట్టిన ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి బుడగలుగా నీటిలోకి నెడుతుంది. అంటే పొగను మనమే రాత్రంతా నీళ్ళలో కలుపుతున్నామన్నమాట. ఒక పెళ్ళికి వచ్చిన చుట్టాలు వరండాలో పడుకుని, పాపం మంచికే, కాయిల్ వెలిగించారు. ఉదయానికి రెండు డబ్బాలు, ఒక తొట్టి ఖాళీ అయ్యాయి.

దోమలున్న ఊళ్ళో మందు లేకుండా ఎలాగంటారు. మనుషులు దోమతెరలో పడుకోవాలి. వీధిలో పొగమందు కొట్టే బండి చప్పుడు వినపడితే పంపు ఆపి, తొట్టి మీద తడిగుడ్డ కప్పి, కిటికీలు మూసి, పొగ పోయాక తీయాలి. సున్నాలు, రంగులు వేసే రోజుల్లోనూ అంతే. పిన్నులు గుచ్చిన సీతాకోకల పెట్టెలో వేసే కలరా ఉండలు ఉన్న బీరువాకు, బతికున్న పురుగుల డబ్బాలకు మధ్య ఒక గోడైనా ఉండాలి.

4. గుచ్చిన రెక్క రంగు చెబుతుంది, నడత చెప్పదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పట్టేవాణ్ణి, చంపేవాణ్ణి, గుచ్చేవాణ్ణి. బెత్తం చుట్టూ దోమతెర గుడ్డ కుట్టిన వల, సీసాలో దూది, అందులో మందు, పలకల మధ్య రెక్కలు పరిచి ఆరబెట్టడం. బడి పిల్లలకు చూపించడానికని మొదలుపెట్టాను. తర్వాత ఆ పెట్టెలు నిండటమే పని అయిపోయింది. ఒకే జాతివి వరసగా గుచ్చి, వాటిలో రెక్క చిరగనివాటినే ఉంచి మిగతావి పారేసిన రోజులున్నాయి. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది.

ఆ పెట్టెల్లో ఒకదానిలో ప్లెయిన్ టైగర్లు ఉండేవి. నారింజ రంగు రెక్కలు, నల్లటి మొనలు, మొనల్లో తెల్ల పట్టీ. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకునే సీతాకోక అది, పిట్టలు దాని జోలికి పోవు. కొన్నేళ్ళ తర్వాత పెరట్లో గంగవావిలి కూర మీద ఒక ప్లెయిన్ టైగర్ వాలి గుడ్డు పెట్టడం చూశాను. జిల్లేడు పక్కనే ఉండగా కూరాకు మీద ఎందుకు పెట్టింది? గుడ్డును తెచ్చి పెంచాను. వచ్చిన పురుగు నేను ఎరిగినది కాదు. ప్లెయిన్ టైగర్ పురుగుకు నలుపు, తెలుపు, పసుపు చారలు, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటివి ఉంటాయి. ఇది నల్లగా, ఒళ్ళంతా కొమ్మలు కొమ్మలుగా ముళ్ళతో ఉంది. దాని గూడులోంచి వచ్చింది నల్లటి రెక్కల మీద నీలిరంగు అంచుతో తెల్ల మచ్చలున్న మగ సీతాకోక. దాని పేరు డానాయిడ్ ఎగ్‌ఫ్లై. ఆడది ప్లెయిన్ టైగర్ వేషం వేసుకుని విషం లేకుండానే విషమున్నదానిలా బతుకుతుంది.

వెంటనే బీరువా తీసి నా పెట్టెలో చూశాను. ప్లెయిన్ టైగర్‌కు వెనక రెక్క నడుమ మూడో నాలుగో నల్లచుక్కలుంటాయి. ఎగ్‌ఫ్లై ఆడదానికి ఒక్కటే, అదీ పై అంచు దగ్గర. నేను ప్లెయిన్ టైగర్లని చీటీ అంటించిన వరసలో రెండు ఆ ఒంటిచుక్కవి. ఎన్నేళ్ళుగానో నా కళ్ళెదుటే ఉన్నాయి. చంపి పెట్టుకున్నంతకాలం నాకు తెలియనిది ఒక్క గుడ్డును పెంచితే తెలిసింది. కరివేప మీద గుడ్లు పెట్టే కామన్ మార్మన్ ఆడవాటిలోనూ ఇలాంటి వేషమే ఉంది, అవి కామన్ రోజ్ అనే విషపు సీతాకోకను అనుకరిస్తాయి.

ఆ పెట్టెలు ఇప్పుడు లేవు. మన చిత్తడి వానాకాలం వాటికి బూజు పట్టించింది, మిగిలినవి చీమలు, పుస్తకపురుగులు తినేశాయి. విశ్వవిద్యాలయాలకు, మ్యూజియంలకు నమూనాలు అవసరమే, కాదనను. సరైన చీటీ, తేదీ, చోటు ఉన్న నమూనా వందేళ్ళ తర్వాత కూడా సాక్ష్యం చెబుతుంది. ఇంట్లో ముచ్చటకు మాత్రం నోటుపుస్తకం, కెమెరా చాలు. ఏ ఆకు మీద, ఏ రోజు, ఎన్ని రోజులకు ఏ రంగు మారింది అని రాసుకోండి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు సి. సుబ్బారెడ్డి, జె.బి. అట్లూరి, వారి శిష్యులు ఒక్కొక్క సీతాకోకను గుడ్డు నుంచి రెక్కల దాకా పెంచి, దశల వారీగా రాసి, పత్రికల్లో ప్రచురించారు. జాగ్రత్తగా రాసుకున్న పెంపకమే అక్కడ శాస్త్రమైంది.

5. జ్వరంలో ఉన్నదాన్ని కదపకూడదు.

పట్టు రైతుల మాట ఇది. పురుగు మేత మాని, తల కాస్త పైకెత్తి, కదలకుండా ఉండిపోతే దాన్ని వాళ్ళు జ్వరం అంటారు. పాత చర్మం విడిచి కొత్త చర్మంలోకి వచ్చే సమయం అది. పట్టుపురుగుకు అలాంటి జ్వరాలు నాలుగు, దశలు ఐదు. సీతాకోక పురుగులకూ దాదాపు అంతే. ఆ సమయంలో అది వెనక కాళ్ళను తాను నేసుకున్న పట్టుదారంలో తగిలించుకుని ఉంటుంది. ఆకు మార్చాలనో డబ్బా తుడవాలనో దాన్ని పీకి ఇంకొకచోట పెడితే చర్మం సగంలో ఇరుక్కుని చచ్చిపోతుంది. అది కూర్చున్న ఆకు ముక్కను చుట్టూ కత్తిరించి ఆ ముక్కతో సహా కొత్త కొమ్మ మీద పెట్టాలి.

గూడు నుంచి బయటికి వచ్చేటప్పుడూ అంతే. ముందురోజు గూటి పెంకులోంచి రెక్కల రంగులు కనబడతాయి. తెల్లవారాక పెంకు పగులుతుంది, తడి గుడ్డపేలికల్లాంటి రెక్కలతో సీతాకోక బయటికి పాకి, పైకెక్కి వేలాడుతుంది. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి నెడుతుంది, అవి అంగుళం అంగుళం సాగుతాయి. ఆ తర్వాత ఎర్రటో గోధుమరంగో చుక్కలు కిందికి రాలుస్తుంది. పిల్లలు రక్తమని భయపడతారు. గూట్లో ఉన్నన్నాళ్ళూ పోగైన వ్యర్థం అది. నా విద్యార్థి ఒకడు జాలిపడి బ్లేడుతో పెంకు చీల్చి సాయం చేశాడు. ఆ సీతాకోక రెక్కలు ఎప్పటికీ విచ్చుకోలేదు. వాడికి చీవాట్లు పెట్టలేదు, పక్కన కూర్చుని ఇద్దరం చూశాం.

ఇంకొక మాట. అన్నీ కొమ్మ మీదే గూడు కట్టవు. గన్నేరు ఆకు తినే పెద్ద పచ్చటి పురుగు, మెడ మీద నీలి కళ్ళలాంటి మచ్చలుండేది, ఓలియాండర్ హాక్ మాత్‌ది. ముదిరాక అది గోధుమరంగుకు తిరిగి, కొమ్మ దిగి, డబ్బా అంతా పిచ్చిదానిలా తిరుగుతుంది. దానికి ఎండుటాకులు, వదులు మట్టి కావాలి. ఖాళీ సీసాలో ఉంచితే తిరిగి తిరిగి వడలిపోతుంది.

6. పురుగు శత్రువు పురుగులోనే ఉంటుంది.

పెరట్లో దొరికిన పెద్ద పురుగును తెచ్చి పెంచితే, సీతాకోకకు బదులు ఒంట్లోంచి చిన్న కందిరీగలో ఈగలో బయటపడటం తరచు జరుగుతుంది. అవి అంతకుముందే తోటలో గుడ్లు పెట్టి వెళ్ళి ఉంటాయి. పట్టు రైతును ఏడిపించే ఊజీ ఈగది ఇదే పని. అందుకే పురుగును కాదు, గుడ్డును తెచ్చుకోవడం మేలు. గుడ్డుకైనా పూర్తి రక్ష లేదు. మన రైతులు పొలంలో కట్టే ట్రైకోకార్డుల్లోని పరాన్నజీవి గుడ్లలోనే గుడ్డు పెడుతుంది. వచ్చిన కందిరీగను చంపకండి, దాన్నీ రాసుకోండి. అది కూడా ఆ తోటదే.

7. నీళ్ళలోనూ రెక్కల పురుగులు పుడతాయి.

నా రెండు ముచ్చట్లూ ఒకే తొట్టిలో కలిసింది ఒక వరి పురుగు వల్ల. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల సార్వా నాట్లు వేశాక, నీళ్ళు నిలిచిన మడిలో అంగుళం కన్నా చిన్న ఆకు గొట్టాలు తేలుతూ కనబడతాయి. ఒక్కో గొట్టంలో ఒక పురుగు. రైతుకు అది గొట్టపు పురుగు, ఆకులోని పచ్చదనాన్ని గీకి తిని తెల్ల కాగితంలా చేసే చీడ. నాకు మాత్రం ఆనాడు అది ఒక అద్భుతం. నాలుగు గొట్టాలను, దుబ్బుతో సహా కాస్త మడినీటిని తెచ్చి, చేపలు లేని చిన్న తొట్టిలో పెట్టాను. చేపలుంటే ఒక్క పూటలో కథ ముగిసేది.

భూతద్దం పట్టి చూస్తే గొట్టం లోపల నీరు నిండి ఉంది. పురుగు పక్కల వెంట తెల్లటి సన్నదారాల కుచ్చులు కదులుతున్నాయి. అవి మొప్పలు. సీతాకోక జాతి పురుగు చేపలాగా నీటిలోని ప్రాణవాయువుతో బతుకుతోంది. పొద్దుపోయాక అది గొట్టాన్ని నీళ్ళతో సహా మోసుకుంటూ ఆకు ఎక్కుతుంది, గీకి తింటుంది. ఒంటికి గొట్టం చాలకపోతే ఆకు కొనను కత్తిరించి, అంచులు పట్టుదారంతో కలిపి కుట్టి, కొత్త గొట్టంతో నీళ్ళలోకి జారుతుంది. చివరికి గొట్టాన్ని మొక్క మొదలుకు అంటించి, అందులోనే గూడు కట్టి, చిన్న తెల్లటి రెక్కల పురుగుగా వచ్చింది. మొప్పలున్న ప్రాణి గాలిలోకి ఎగరడం నా వంటింటి బల్ల మీద చూశాను.

దీనికి రైతులు వాడే ఉపాయం గుర్తొచ్చింది. కిరోసిన్‌లో తడిపిన తాడును దుబ్బుల మీదుగా లాగి, గొట్టాలు నీళ్ళలో రాలాక మడిలో నీరు తీసేస్తారు. నీరు లేకపోతే మొప్పలు పనిచెయ్యవు. పురుగును పెంచి చూసినవాడికి ఆ ఉపాయం ఎందుకు పనిచేస్తుందో చెప్పక్కర్లేదు. చీడపురుగైనా సరే, ఒక్కసారి పెంచి చూడమని వ్యవసాయం చదివే పిల్లలకు నేను చెప్పేది అందుకే.

8. మన కాలువ చేపను చిన్నచూపు చూడకూడదు.

ఒకప్పుడు దుకాణంలో ఒంటి మీద గులాబీ, పచ్చ, నీలం గీతలు మెరిసే అద్దంలాంటి చేపలు చూసి ముచ్చటపడి కొన్నాను. కొద్ది వారాల్లో రంగు వెలిసిపోయింది, కొన్నిటికి ఒంటి మీద పుళ్ళు లేచాయి. తర్వాత తెలిసింది, వాటికి సూదితో రంగు ఎక్కిస్తారు. రంగు తీసేస్తే మిగిలేది వెన్నెముక, కడుపు పైకే కనిపించే గ్లాస్ ఫిష్, మన కాలువల్లో, మడికాలువల్లో తిరిగే చిన్న చేపే. మన చేపకే సూది పొడిచి మనకే అమ్ముతున్నారు. అలాంటి చేపల్ని కొనకండి. కొనేవాళ్ళు లేకపోతే పొడిచేవాళ్ళూ ఉండరు.

పెరట్లో ఒక సిమెంటు తొట్టి, అందులో ఒక కలువ దుంప, గుప్పెడు నాచు ఉంటే చాలు, మన నీటి చేపలు కరెంటుతో పని లేకుండా బతుకుతాయి. నెత్తి మీద తెల్లచుక్క మెరుస్తూ నీటి పై పొరలోనే తిరిగే పంచాక్స్ దోమపిల్లల్ని ఏరుకు తింటుంది. చారల గౌరామి మగది నురగ బుడగలతో గూడు కట్టి, గుడ్లు జారిపోతే నోటితో పట్టి మళ్ళీ గూట్లో పెడుతుంది. గొరకకు నీటిలోని గాలి చాలకపోతే పైకి వచ్చి మామూలు గాలి పీలుస్తుంది. వానపడ్డ రాత్రి అది గట్టు దాటి పాకడం కొల్లేటి లంకల్లో పెరిగినవాళ్ళందరూ చూసిందే. వీటిని మడికాలువలోనో ఊరి గుంటలోనో పట్టుకోండి. కొల్లేరు అభయారణ్యంలో మాత్రం వల వెయ్యకండి. 1999 నుంచి అది వన్యప్రాణి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల. అక్కడి చేపా, పురుగూ, పిట్టా చట్టం నీడలో ఉన్నాయి.

9. పెరిగాక ఎంతవుతుందో అడిగాకే కొనాలి, ఇంట్లోది కాలువలో వదలకూడదు.

దుకాణంలో వేలెడంత వెండి రంగు చేపను షార్క్ అని అమ్ముతారు. అది పంగాసియస్. మన చెరువుల్లో ఫంగస్ చేప పేరుతో టన్నులకొద్దీ పెంచేది అదే. ఎర్రపొట్ట పిరానా అని అమ్మేది చాలాసార్లు రూప్‌చంద్. ఇవి కిలోల లెక్కన పెరిగే చేపలు, గాజుతొట్టిలో ఇమడవు. గాజుకంటిన నాచు నాకుతుందని క్లీనర్ పేరుతో అమ్మే మచ్చల చేప దక్షిణ అమెరికాది. దాని ఒంటి మీద పలకల్లాంటి గట్టి పొలుసులు, ముళ్ళ రెక్కలు. చెరువులో పడితే గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, వల చింపుతుంది, తినడానికి పనికిరాదు. ఆంధ్రాలో చెరువుల్లో కాలువల్లో ఇప్పుడు దాన్ని దెయ్యం చేప అంటున్నారు.

ఆ దెయ్యాన్ని కాలువలో వదిలినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బదిలీ అయింది, సామాను లారీ ఎక్కింది, తొట్టి మోసుకెళ్ళే వీలు లేదు. పారెయ్యడానికి మనసొప్పక చేపల్ని బకెట్లో తీసుకెళ్ళి కాలువలో వదిలాను, ప్రాణం నిలిపానని సంతోషించాను కూడా. వాటిలో రెండు క్లీనర్లున్నాయి. అవి బతికాయో లేదో నాకు తెలియదు. ఇవాళ చెరువు రైతు వల చిరిగిందని వాపోతుంటే తల పక్కకు తిప్పుకుంటాను.

మంచి ఉద్దేశంతో వదిలిన చేపల కథలు మన దేశంలో చాలా ఉన్నాయి. దోమల్ని తింటుందని గంబూజియాను 1928లో తెచ్చారు. అది దోమపిల్లలతో పాటు మన చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. తిలాపియా 1952లో వచ్చింది. ఇవాళ కోస్తాలో చైనా గొరక అంటూ పట్టని గుంట లేదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను నిషేధించినా దొంగచాటు చెరువులు బయటపడుతూనే ఉన్నాయి.

చెరువులో పెంచితే చెరువులోనే ఉంటుందిలే అనుకోకండి. కొల్లేరు పళ్ళెంలాంటి నేల. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు అన్నీ అందులోకే దిగుతాయి, బయటికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు చివరికి చేరింది ఇక్కడికే. అలాంటి నీరు వచ్చిన రోజున ఏ గట్టూ ఏ చేపనూ ఆపలేదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చినప్పుడు కూడా చెరువులోవి సరస్సులో కలిశాయి. ఏలూరులో ఒక డాబా మీది తొట్టికీ కొల్లేటి అంచున ఆటపాకలో గూడబాతు నోట్లో పడే చేపకూ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

సీతాకోకలదీ ఇదే న్యాయం. పెంచిన సీతాకోకను దాని గుడ్డు దొరికిన ఊళ్ళోనే, అదే చెట్టు దగ్గరే వదలండి. ఎక్కడిదో తెప్పించి పెళ్ళిళ్ళలో ఎగరేసే సరదా వద్దు. ఏ జాతి దొరికినా, పెంచడానికి ముందు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితా ఒకసారి చూసుకోండి. ఈశ్వరి తీగ మీద బతికే క్రిమ్సన్ రోజ్ లాంటివి 2022 సవరణకు ముందు ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లోనే ఉండేవి.

మీ తొట్టిలో చేప పెరిగిపోయిందా, మీకు బదిలీ అయిందా, మోజు తీరిందా? అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి. తీసుకోకపోతే ఇంకొక పెంపకందారుకు ఇవ్వండి, బడిలో తొట్టి ఉంటే అక్కడ ఇవ్వండి. ఎవరూ దొరక్కపోతే నాలాంటి ముసలివాడి వరండాలో పెట్టి వెళ్ళండి. తమ్మిలేటిలో, ఏలూరు కాలువలో, కొల్లేటిలో మాత్రం వదలకండి.